జలపతి క్రేను కింద ఎవరు నిలబడాలె

జలపతి మొదటి గెలుపు మొగిలవ్వ బోరు కాడ జరిగింది. రెండువందల ఫీట్ల లోతున ఇరుక్కున్న మోటరును మూడు దినాలు కొట్లాడి బయటికి గుంజిండు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు. చదువు ఊరి బడిల ఏడో తరగతి. చేతిల ఉన్న సామాను ఒక చైన్ కప్పి, మూడు తుమ్మ మొద్దులు. జగిత్యాల నుంచి వచ్చిన మెకానిక్కులు ఇద్దరు బోరులోకి తొంగిచూసి, "గిది రాదవ్వా, ఇంకోటి ఏసుకో" అని చెప్పి, చాయ తాగి పోయిండ్రు. జలపతి ఆ మొద్దులను మూడు కాళ్ల లెక్క నిలబెట్టి, పైన కప్పి కట్టి, గొలుసు గుంజుడు మొదలుపెట్టిండు. మొదటి దినం జానెడు లేచింది. రెండో దినం బెత్తెడు దిగింది. మూడో దినం పొద్దు గూకకముందే, దూడ జారిపడ్డట్టు మోటరు బురదతోని బయట పడ్డది. మొగిలవ్వ ముందుగాల మోటరుకు బొట్టు పెట్టింది, తర్వాత జలపతికి కోడిపుంజునిచ్చింది.

ఆ దినం నుంచి గొల్లపల్లి మండలంల ఆ ఊర్లె ఏది కింద పడ్డా, ఏది లోపల పడ్డా, జలపతికే పిలుపు. బాయిల పడ్డ బర్రెను లేపిండు. కాలువల బోల్తా కొట్టిన వడ్ల బండిని లేపిండు. బడి ఇనుప గేటు ఊడి పంతులు సైకిలు మీద పడితే, సైకిలు చెడకుంట గేటును లేపిండు. బర్రె మాత్రం మేలు మర్చిపోయింది. బతికున్నన్ని దినాలు జలపతి ఎదురైతే తల అటు తిప్పుకొని పోయేది.

ఇంత చెయ్యి ఉన్న మనిషి ఊర్లె ఆగుతడా? అబుదాబి పోయిండు. అక్కడ ఆయన పని రిగ్గర్. అంటే పెద్ద క్రేను లేపే బరువుకు బెల్టు కట్టి, చేతి సైగలతోని పైన కూసున్న డ్రైవరుకు లేపు, దించు, ఆపు అని చెప్పేటాయన. పదకొండేండ్లల ఆయన చేతి కింద ఒక్క మనిషికి గోరు గూడ ఊడలేదు. కంపెనీ ఇచ్చిన రిగ్గర్ సర్టిఫికెట్ ఇంట్ల కొండగట్టు అంజన్న ఫోటో పక్కన ఉంటది. శుక్రవారం శుక్రవారం ఆయన భార్య నర్సవ్వ అంజన్నకు పెట్టిన చేత్తోనే దానికీ బొట్టు పెడతది. సెలవు మీద వచ్చినా జలపతి చేతులు ఊకుండవు. పెండ్లిల అన్నం గంగాళం దించుతుంటె దూరం నుంచి వేళ్లు తిప్పి సైగ చేస్తడు. వంటాయన పరిషాన్ అయి, "ఏందన్నా, ఉప్పు తక్కువైందా?" అని అడుగుతడు.

పోయిన వానకాలంల నర్సవ్వ ఫోన్ చేసింది. జలపతి ఇంకా హలో అనలే.

"నీ బామ్మర్ది చెప్పు చచ్చింది."

"ఏంది?"

"చెప్పు. కాలి చెప్పు. ట్రాలీ కింద పడి పచ్చడైంది. కాలు అప్పుడే బయటికి తీసిండు."

ముచ్చట ఏందంటే, ట్రాక్టరు జలపతిది, నడిపేటోడు నర్సవ్వ తమ్ముడు శ్రీశైలం. ట్రాలీ ఇరుసు చెడిపోతె శ్రీశైలం అందరి లెక్కనే జాకీ పెట్టి లేపి, కింద ఇటుకలు పేర్చి, లోపలికి దూరిండు. జేబుల ఫోన్ మోగితె మాట్లాడదామని బయటికి పాకిండు. ఇటుక పటుక్కున పగిలింది. ఫోన్ చేసింది ఎవరంటే, లోన్ కావాల్నా సార్ అని అడిగే పిల్ల. ఆ పిల్ల పేరు గూడ తెలవదు గని, శ్రీశైలం ఇప్పటికీ రెండు చేతులు జోడిస్తడు.

నర్సవ్వ ఆ చెప్పును తీసుకపోయి షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీసింది. "ట్రాక్టరు అమ్ముతున్న. నువ్వు ఆడికెళ్లి ఏం చెప్పినా ఇనను" అన్నది.

జలపతికి ఆ ట్రాక్టరు ఉంటెనే ఎప్పుడో ఒకనాడు గల్ఫ్ బంద్ చేసి ఊర్లె బతుకుడు. అది పోతె ఇగ ఆయన తిరిగి వచ్చి చేసేదేమున్నది? "నేనొస్త. క్రేను కడత. ఎవ్వలు కింద దూరకుంట పనైతది. నువ్వు చూసి, నచ్చకుంటె అమ్ము" అన్నడు.

"నచ్చకుంటె అమ్ముతనే" అన్నది నర్సవ్వ.

నవంబరుల అరువై దినాల సెలవు మీద దిగిండు. చుట్టాలంతా సెంటు సీసాల కోసం పెట్టె సుట్టు కూసున్నరు. పెట్టె తెరిస్తె పసుపు రంగు బెల్టులు నాలుగు, నోటికి రేకు ఉన్న ఇనుప కొక్కెం ఒకటి, లావు బోల్టులు. నర్సవ్వ పెద్దమ్మ ఒక బెల్టు చేతిల పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకొని, "వాసన గూడ లేదు కొడుకా" అన్నది.

క్రేనుకు ముందుగాల దూలం కావాలె. అది సిరిసిల్లల దొరికింది. కనకయ్యది బట్ట నేసే ఎనిమిది సాంచాల షెడ్డు. కొత్త షెడ్డు కట్టుకొని పాతది ఇప్పుతుండు. సాంచాలకు ఎక్కించే నూలు చుట్టిన బీములను ముప్పై ఏండ్లు భుజం మీద మోసిన మనిషి, కుడి భుజం ఎడమదానికంటె రెండు వేళ్లు కిందికి ఉంటది. జలపతి ఇనుప గర్డరును ఈ కొస నుంచి ఆ కొస దాక తడుముకుంట, సుత్తితోని కొట్టి చెవి పెట్టి వింటుంటె, కనకయ్య అడిగిండు.

"దీని మీద ఎంత లేపుతవ్ తమ్మీ?"

"టన్నున్నర, అన్నా."

"గింతేనా? దీని మీద మూడు టన్నులు లేస్తది."

"మూడు లేచేదాని మీదనే టన్నున్నర లేపాలె."

కనకయ్య పకపక నవ్విండు. "నా షెడ్డుకొచ్చినోళ్లల బరువు తగ్గించి చెప్పినోనివి నువ్వొక్కనివే" అని, ఆ గర్డరును తనే దగ్గరుండి బండికి ఎక్కించిండు. భుజం పెట్టబోతె జలపతి ఆపి, బెల్టు కట్టిండు.

కాళ్లు కోరుట్లల తయారైనయి. వెల్డింగ్ వెంకటేశం గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే మొనగాడు. జలపతి పోంగనే రెండు ముక్కలు అతికించి ఇమ్మన్నడు. వెంకటేశం అతికించి ఇచ్చిండు. జలపతి దాన్ని దాగలి మీద పెట్టి పెద్ద సుత్తితోని మూడు దెబ్బలు కొట్టిండు. మూడో దెబ్బకు అతుకు ఇడిసింది.

"ఇంత కోపమెందుకన్నా, చెప్తె సరిపోతుండె గదా!" వెంకటేశం ముఖం మాడ్చుకున్నడు.

"కోపం కాదు తమ్మీ, పరీక్ష. ఇంకోటి అతుకు."

రెండోది ఆరో దెబ్బకు ఇడిసింది. అప్పుడు వెంకటేశానికి పౌరుషమొచ్చింది. పాత రాడ్లు పక్కన పడేసి, ఇనుమును గీకి, తుడిచి, కొత్త రాడ్లతోని నిమ్మళంగ అతికిండు. ఈసారి సుత్తి కర్ర ఇరిగింది గని అతుకు ఇడువలే. ఆ సంబురంల వెంకటేశం నాలుగు కాళ్లు దొడ్డుగ, అడ్డపట్టీలు పెట్టి, చెప్పినదాని కంటె గట్టిగ చేసిండు. చేసి ఊకున్నడా? గేట్లు చేసిన చెయ్యాయె, రెండు దిక్కులా నడుమ రెండు ఇనుప తామరపూలు పెట్టిండు. జలపతి చూసి, "క్రేనుకు పువ్వేందిరా" అని నెత్తి పట్టుకున్నడు. తర్వాత ఆ పువ్వులను గూడ సుత్తితోని కొట్టి చూసిండు. ఊడలే. ఉండనిచ్చిండు.

షెడ్డు ముందట క్రేను నిలబడ్డది. ఆ కొసకు రెండు కాళ్లు, ఈ కొసకు రెండు కాళ్లు, పైన సిరిసిల్ల గర్డరు, దానికి చైన్ కప్పి, కప్పికి అబుదాబి కొక్కెం. గర్డరు మీద జలపతి ఎర్ర రంగుతోని రాసిండు: టన్నున్నర మించి లేపొద్దు. ఊర్లె పెద్దమనుషులకు అది అస్సలు నచ్చలే. "పక్కూరోళ్లు చదివితె మన ఇజ్జత్ ఏమైతది? అయిదు టన్నులని రాయి. రాసుడుకేం పోయింది?" అన్నరు. తెల్లారి చూస్తె ఎవలో సుద్దముక్కతోని టన్నున్నరను కొట్టేసి అయిదు టన్నులని రాసి పోయిండ్రు.

సుట్టూ ఎవ్వలు రావొద్దని ఎరుపు తెలుపు టేపు కట్టిండు జలపతి. గంటల ఆ టేపు మీద ఒకామె పరుపు బట్ట ఆరేసింది. ఇంకొకాయన దానికి మేకను కట్టేసిండు. రాజం మేస్త్రి అయితె దాని మీద చెయ్యి పెట్టి ఊగుకుంట, "అబుదాబిల గిట్ల దారం చూసి భయపడతరా తమ్మీ?" అని అడిగిండు.

డిసెంబరు ఇరువై, శనివారం. పరీక్ష దినం. చక్రాలు, ఇరుసు ఇప్పేసిన ట్రాలీ డబ్బల ఇసుక సంచులు నింపి, కాంటా మీద తూకం ఏయించి తెచ్చిండు. టన్నున్నర రాసిన క్రేను పరీక్షకు అంతకంటె పావు వంతు ఎక్కువ మోయాలె. పద్దెనిమిది వందల డెబ్బై అయిదు కిలోలు. చీటి జేబుల పెట్టుకున్నడు. ఊరంతా వచ్చింది. నర్సవ్వ పొద్దున్నే స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, క్రేను నాలుగు కాళ్లకు బొట్లు పెట్టి, బంతిపూల దండను తెచ్చి కొక్కానికి ఏసింది. దండ అంటె మామూలుది కాదు, పెండ్లిపిల్లకేసే అంత లావు, నడుమ నిమ్మకాయలు.

జలపతి కాగితం తీసిండు. అబుదాబి నుంచి తెచ్చుకున్న లెక్క, బరువు లేపకముందు చూసుకునే పన్నెండు ముచ్చట్లు. కాళ్లు, బోల్టులు, అతుకులు, గొలుసు, బెల్టులు, ఒక్కొక్కటి వేలితో తడిమి చూసిండు. తొమ్మిదోది కాడ ఆగిండు. కొక్కెం నోట్ల బెల్టు తప్ప ఇంకేది ఉండొద్దు, నోటికున్న రేకు పూర్తిగ మూసుకోవాలె. దండ దిక్కు చూసిండు. నర్సవ్వ దిక్కు చూసిండు. నర్సవ్వ కండ్లు మూసుకొని అంజన్నకు మొక్కుతున్నది. జలపతి పదోదానికి పోయిండు.

గప్పుడే రాజం మేస్త్రి లేచిండు.

"తమ్మీ, నేను ముప్పై ఏండ్లల రెండువందల స్లాబులు పోసిన. సెంట్రింగ్ ఇప్పే దినం ఇంటాయన నిలబడడు, నేను నిలబడత, స్లాబు కింద. అదీ మాట. నువ్వు కట్టినవు, నువ్వే కింద నిలబడు. మేం నమ్ముతం."

"నిలబడ" అన్నడు జలపతి.

జనం ఒక్కపారి గొల్లున లేచింది.

"భయమా?"

"భయమే అన్నా. పదకొండేండ్లు గీ భయానికే జీతం తీసుకున్న. లేచిన బరువు కింద ఎవ్వలూ ఉండొద్దు. అది ఎంత మంచి క్రేనైనా."

"మంచిదైతె ఎందుకుండొద్దు? ఉండొద్దంటె మంచిది కాదన్నట్టే గదా?" రాజం మాటకు అందరు తల ఊపిండ్రు. వినేటందుకు అది గట్టి మాటనే. జలపతి దగ్గర జవాబు ఉన్నది గని, అది అరబ్బుల సేఫ్టీ క్లాసుల ఇంగ్లీషుల ఇన్నది, తెలుగుల నోటికి రాలే.

శ్రీశైలానికి బావ ఇజ్జత్ పోతున్నదని రోషం వచ్చింది. "బావ కాకుంటె నేను నిలబడత!" అని ఉరికిండు. జలపతి అంగీ కాలర్ పట్టి గుంజిండు. "నీ చెప్పు అక్కడ వేలాడుతున్నది. పక్కన నిన్ను గూడ వేలాడదీయాల్నా?"

రాజం ఇంటికి పోయి, నులక మంచం నెత్తి మీద పెట్టుకొని వచ్చిండు. "నిలబడకుంటె పన్నా సరే. పండుకో. లేపేది నీ బామ్మర్ది" అన్నడు. జనం నవ్వులే నవ్వులు.

జలపతి నర్సవ్వ దిక్కు చూసిండు. ఇగ అయిపోయింది, రేపే ట్రాక్టరుకు బేరం అనుకున్నడు. నర్సవ్వ లోపలికి పోయి ముగ్గు గిన్నె తెచ్చింది. వంగి, ఇనుప కాళ్లకు ఆరడుగుల అవతల నుంచి క్రేను సుట్టు ముగ్గు పెట్టుకుంట తిరిగింది. ఉత్త గీత కాదు, నాలుగు మూలల నాలుగు పద్మాలు, నడుమ తీగ. టేపును ఊగులాట చేసిన జనం, ముగ్గు వస్తుంటె తమంత తామే ఎనకకు జరిగిండ్రు. చంకల పిల్ల ఉన్న ఒకామె జరగలే. పక్కామె, "ముగ్గు తొక్కుతవే, కండ్లు లేవా!" అని గదమాయించింది. రాజం గూడ చెప్పులు ఎనకకు తీసుకున్నడు. పదకొండేండ్లల ఇంత తొందరగ జరిగిన జనాన్ని జలపతి చూడలే.

"ఆయన లోపలికి రాడు. ఎవ్వలూ రారు" అన్నది నర్సవ్వ. "ఎవలన్న ఉండాల్సిందే అంటె, మొగిలవ్వా, నీ పందిరికి బూడిద గుమ్మడికాయ ఉన్నది గదా, తే."

మొగిలవ్వ ఎనబై ఏండ్ల మనిషి, మోటరు కాడి మాట మర్చిపోలే. చంకల పెట్టుకొని తెచ్చింది. "నా జలపతి మోటరు తీసిననాటి లెక్కనే ఉన్నడు. గీ కాయ వాని బదులు" అని ఇచ్చింది. ఎవలో, "బరువు గూడ అంతే ఉంటదవ్వా" అన్నరు.

జలపతి ముగ్గు అంచున నిలబడి గొలుసు పక్కకు పట్టుకొని గుంజిండు. డబ్బ జానెడు లేచింది. పది నిమిషాలు ఆపిండు. గర్డరు ఉలుకలే, కాళ్లు పలుకలే. ఇంకింత గుంజి నడుమెత్తు లేపిండు. పొడుగాటి వెదురుతోని మంచాన్ని లోపలికి నెట్టిండ్రు, మంచం మీద గుమ్మడికాయ. జలపతి ముగ్గు బయట నిలబడి చేతులు కట్టుకున్నడు.

రాజం, "చూసినవా, ఏమైంది? ఇంతసేపు పండుకుంటె ఒక కునుకు అయిపోతుండె" అన్నడు.

ఆయన నోరు మూయకముందే కొక్కెం కాడ బంతిపూల రెక్కలు రాలినయి. తర్వాత ఒక నిమ్మకాయ. తర్వాత ఎనక బెల్టు సర్రున జారి ఊడింది. డబ్బ ఎనక దిక్కు దబ్బున పడ్డది. మంచం కోళ్లు నాలుగు నాలుగు దిక్కులకు పోయినయి. గుమ్మడికాయ గింజ ఒకటి ఎగిరి వచ్చి రాజం మీసానికి అంటుకున్నది.

మంచం మీద ఎవలను పండుకొమ్మన్నరో అందరికి యాదికున్నది. రాజం మెల్లగ నేల మీద కూసున్నడు. మీసం మీది గింజ తీసుకున్నడు, అరచేతిల పెట్టుకొని దాన్నే చూసుకుంట ఉన్నడు.

జలపతి గొలుసుతోని డబ్బను నేలకు దించిండు. కొక్కెం దించి చూసిండు. క్రేనుకు ఏం కాలే. గర్డరు తిన్నగ ఉన్నది, అతుకు ఒక్కటి ఇడువలే. నోట్ల దండ ఉండబట్టి బెల్టు కొక్కెం లోపలికి కూసోలే, పూల మీద కూసున్నది. రేకు మూసుకోలే. బరువుకు పూలు నలిగినయి, బెల్టు జారింది.

నర్సవ్వ వచ్చింది. "ఏంది తప్పు?"

జలపతికి అబద్ధం చెప్పుడు అల్కగ ఉండె. బెల్టు మంచిది కాదంటె అయిపోతుండె. "నాదే. తొమ్మిదోది. దండ చూసిన. తియ్యనీకె చెయ్యి రాలే" అన్నడు.

"ఎందుకు రాలే?"

"నువ్వేసిన దండ."

"అయ్యో నా మనిషీ! నేను దండ నీకేసిన్నా, కొక్కానికేసిన్నా? ఒక్క మాట అంటె తీస్తుంటి గదా!" నర్సవ్వకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లొచ్చినయి. పగిలిన మంచం దిక్కు చూసింది. జనం దిక్కు తిరిగింది. "ఆయన పండుకోనన్నది అందరు ఇన్నరు గదా? బాగ యాదికి పెట్టుకోండ్రి." మళ్ల మొగుని దిక్కు తిరిగి, "వారం టైం ఇస్తున్న. ఈసారి కాగితం నేను చదువుత. నువ్వు చూపియ్యాలె."

డిసెంబరు ఇరువై ఏడు, శనివారం. అదే బరువు, అదే చీటి. నర్సవ్వ పద్మాల ముగ్గు, ఈసారి రెండు వరుసలు. దండ ఎక్కడ వెయ్యాల్నంటె వెంకటేశం ఇనుప తామరపూలకు వేసింది. పువ్వులు ఎందుకు పెట్టిండో అప్పటికి తెలిసింది. కాగితం చేతిల పట్టుకొని, బడిల హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటి చదివింది. జలపతి తాకి చూపించి, "ఉన్నది" అన్నడు. తొమ్మిదోది రెండుసార్లు చదివింది. జలపతి కొక్కెం నోట్ల వేలు పెట్టి, రేకు టక్కుమని మూసి చూపించిండు. మొగిలవ్వ ఇంకో కాయ తెచ్చింది. "నా పందిరి ఖాళీ అయితున్నది కొడుకా, ఇగ లేపాలె" అన్నది. ఈసారి మంచం ఎవ్వలు ఇయ్యలే. చాప పరిచిండ్రు. వెదురు పట్టుకొని చాపను లోపలికి నెట్టింది రాజం మేస్త్రి. ముగ్గు దగ్గరికి వచ్చినోళ్లను, "ఎనకకు! ఎనకకు!" అని గదమాయించింది గూడ ఆయనే.

డబ్బ నడుమెత్తున గంట సేపు ఉన్నది. కదలలే. దించిండ్రు. గుమ్మడికాయకు గీత పడలే. రాజం లేచి, "ఇగ నేను గూడ స్లాబు కింద నిలబడ" అని, "గుమ్మడికాయనే పెడత" అన్నడు.

నర్సవ్వ గోడకున్న చెప్పు తీసి పారేసింది. ట్రాక్టరు బేరం మాట ఇగ ఎత్తలే. కాయను వడియాలు పెట్టి, ఎండబెట్టి, డబ్బకెత్తింది, అబుదాబికి.

ఈ ముచ్చట అయి ఎక్కువ దినాలు కాలే. అప్పటి సంది క్రేను మీద లేచినయి లెక్క పెడితె ఇరుసులు పద్నాలుగు, ఇంజన్లు రెండు, వరికోత మిషను ముందటి భాగం ఒకటి. మల్యాల నుంచి గూడ ట్రాలీలు వస్తున్నయి. గొలుసు గుంజేది శ్రీశైలం. కాగితం చదివేది నర్సవ్వ. ముగ్గు పెట్టకుంట గొలుసు ముట్టనియ్యదు.

కాగితంల పన్నెండోదాన్ని మాత్రం జలపతి పోయే ముందు దినమే ఆమె సరిగ్గ చదివింది. ఏడాదికొకసారి మళ్ల బరువు పరీక్ష చెయ్యాలె, సర్టిఫికెట్ ఉన్న రిగ్గరే చెయ్యాలె, చెయ్యకుంటె క్రేనుకు తాళం.

"ఊర్లె సర్టిఫికెట్ ఎవలకున్నది?"

జలపతి అంజన్న ఫోటో పక్కన ఉన్న సర్టిఫికెట్ దిక్కు చూసిండు. "నాకే."

"నీకు సెలవు ఎన్నేండ్లకొకసారి?"

"రెండేండ్లకు."

"క్రేనుకు ఏడాదే" అన్నది నర్సవ్వ, "రూలు నువ్వు తెచ్చిందే."

జనవరి అయిదున అబుదాబి చేరి, జలపతి సేఫ్టీ సారుకు ఈ మాట చెప్పిండు. పెండ్లి అన్నా, పండుగ అన్నా సెలవియ్యని మనిషి ఆయన. కాగితం రెండు దిక్కులా తిప్పి చూసి, పరీక్ష గడువు దాటుతదంటె మాత్రం కాదనలేక సంతకం పెట్టిండట. వడియాలు రెండు నోట్లె వేసుకొని, గిది ఏందని గూడ అడిగిండట.

గర్డరు మీద టన్నున్నర పక్కన శ్రీశైలం ఎర్ర రంగుతోని పెద్దగ రాసిండు. మళ్ల పరీక్ష, జలపతి వచ్చే దినం: 2026 డిసెంబరు 26, శనివారం.